పొద్దున పావుగంట ప్రార్థన మానుకోవాలా?

పెన్నా ఒడ్డు (జమ్మలమడుగు)

మా సంఘంలో తొమ్మిది మందిమి కలిసి ఒక చిన్న పని చేస్తున్నాం. పక్షవాతం వచ్చి, తుంటి ఎముక విరిగి మంచం దిగలేని ముసలివారి ఇళ్లకు వెళ్తాం. ఒళ్లు తుడుస్తాం, దుప్పట్లు మారుస్తాం, పుండ్లు కడిగి కట్టు కడతాం. స్త్రీల సమాజం ఇంటింటా పోగుచేసే పిడికెడు బియ్యం అమ్మగా వచ్చిన డబ్బు, కొంత కానుక, అంతే మా ఆధారం. పోయిన నెల ఒక దాత వచ్చారు. గాలి పరుపులు కొనిస్తామన్నారు, తిరగడానికి ఆటో కూడా. ఒకటే షరతు. బయలుదేరే ముందు మందిరంలో మేం చేసే పావుగంట ప్రార్థన మానుకోవాలి, ఏ మతంతోనూ సంబంధం లేని సేవగా దీన్ని నడపాలి. మాలో సగం మంది సరే అంటున్నారు. నాకు మనసు ఒప్పడం లేదు.

ఎందుకో చెబుతాను. ముప్పై ఏళ్లు నర్సుగా చేసి రిటైరయ్యాను. పుండ్లు నాకు కొత్త కాదు. కానీ ఒక అవ్వ నడుము కింద పుండులో పురుగులు చూసిన రోజున, నాతో వచ్చిన అమ్మాయి గుమ్మం దాటి వాంతి చేసుకుంది. ఇక రాదనుకున్నాను. మరునాడు అందరికంటే ముందే వచ్చింది. ‘రాకూడదనే అనుకున్నానక్కా, కానీ ప్రార్థనలో ఆ అవ్వ పేరు నేను చెప్పాల్సిన వంతు’ అంది. మా ప్రార్థనంటే అదే. ఆ రోజు చూడవలసిన ఒక్కొక్కరి పేరూ ఒక్కొక్కరం దేవుని ముందు చెబుతాం. అది తీసేస్తే మిగిలేది నా ఓపిక. అది ఎంతకాలం ఉంటుందో నాకు తెలుసు.

ఎర్రనేల (అనంతపురం)

అమ్మా, మీ పనికి చేతులెత్తి దండం పెడతాను. మీ వాదన మాత్రం నాకు సరిగా అనిపించలేదు. మా జిల్లానే చూడండి. స్పెయిన్ దేశస్థుడు ఫాదర్ విన్సెంట్ ఫెర్రర్ జెస్యూట్‌గా, అంటే ఒక కేథలిక్ సన్యాసి సభ సభ్యుడిగా, 1952లో మన దేశానికి వచ్చారు, 1969లో అనంతపురంలో పని మొదలుపెట్టారు. 1970లో సభను వదిలి పెళ్లి చేసుకున్నారు. దాంతో పని ఆగిందా? ఆ తరువాతే కదా వందల పల్లెలకు విస్తరించింది! 2009లో ఆయన పోయాక కూడా బత్తలపల్లి ఆసుపత్రి నడుస్తూనే ఉంది. అక్కడ పనిచేసేవారిలో అన్ని మతాల వారూ ఉన్నారు. మా అమ్మ పేరున వచ్చిన ఇల్లు ఫెర్రర్ గారి సంస్థ కట్టించినదే. ప్రార్థన చేయమని మమ్మల్ని ఎవరూ అడగలేదు.

పనిని నిలబెట్టేది శిక్షణ, జీతం, లెక్కలు, సెలవులు. మీ తొమ్మిది మందిలో వారానికి ఒక రోజయినా విశ్రాంతి తీసుకునేవారు ఎందరు? ప్రార్థనతో అలసట కప్పిపుచ్చుకుంటున్నారేమోనని నా భయం.

పెన్నా ఒడ్డు (జమ్మలమడుగు)

నాయనా, సెలవు సంగతిలో నీ మాట నిజం. మేమెవరం తీసుకోవడం లేదు. ఇకనైనా తీసుకోవాలి.

ఫెర్రర్ గారి విషయంలో మాత్రం నాదొక మాట. ఆయన విడిచింది సభను. దేవుణ్ణి విడిచారని నేను ఎక్కడా వినలేదు. దైవం నడిపిస్తుందన్న నమ్మకాన్ని ఆయనే పదేపదే చెప్పుకున్నారు. సంస్థ ఎదిగాక జీతాలతో నడుస్తుంది, నడవాలి కూడా. కానీ ఎండిపోయిన నేలలో మొదటి రోజు ఒక మనిషిని నిలబెట్టినది జీతం కాదు.

తుంగభద్ర (కర్నూలు)

ఇంతవరకు సేవ చేసేవారి బలం గురించే మాట్లాడారు. మంచం మీద ఉన్న మనిషి వైపు నుంచి నేను చెబుతాను.

మా నాన్నకు పక్షవాతం వచ్చినప్పుడు ఒక బృందం వారానికి రెండుసార్లు వచ్చేది. పేరు చెప్పను. వారు బాగా చూశారు, ఆ మాట అనకపోతే తప్పవుతుంది. ప్రతిసారీ వెళ్లే ముందు నాన్న తలమీద చెయ్యి పెట్టి ప్రార్థించేవారు. ‘ఆమెన్ అనండి’ అనేవారు. నాన్న అనేవాడు. మేం ఎస్సీలం, హిందువులం. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు కారణంగా క్రైస్తవంలోకి వెళ్తే ఎస్సీ హోదా పోతుంది, మన రాష్ట్రంలో బీసీ-సీ కింద లెక్కిస్తారు. ఎవరైనా చూసి, మతం మారారని ఫిర్యాదు చేస్తే చెల్లెలి సర్టిఫికెట్ ఏమవుతుందోనని నాన్నకు భయం. మరి వద్దని చెప్పవచ్చు కదా అన్నాను. ‘వద్దంటే వచ్చే వారం వస్తారా?’ అన్నాడు.

నాన్న పోయి నాలుగేళ్లు. ఆ మాట ఇంకా నా చెవుల్లోనే ఉంది. మీకు బలమిచ్చే ప్రార్థన ఆయన్ని మరింత బలహీనుణ్ణి చేసింది.

పెన్నా ఒడ్డు (జమ్మలమడుగు)

బాబూ, ఇది చదివి రాత్రి నిద్రపోలేదు. ఆ బృందం మాది కాదు. అయినా ఆ పని నేనూ చేశాను. అడగకుండానే తలమీద చెయ్యి పెట్టాను. వాళ్లు ‘ఆమెన్’ అంటే సంతోషపడ్డాను. కాదనగలిగే స్థితిలో వారున్నారా అని ఒక్కసారీ ఆలోచించలేదు. నన్ను క్షమించు.

ధాత కరువు (1876-78) రోజుల్లో ఒంగోలులో బాప్టిస్టు మిషనరీ క్లౌ దొర ఉండేవారు. కరువు బాధితులకు కూలి దొరకాలని బకింగ్‌హామ్ కాలువలో మూడున్నర మైళ్ల తవ్వకం కాంట్రాక్టు తీసుకున్నారు. ఆ కరువు కాలంలో ఏడాదికి పైగా ఎవరికీ బాప్తిస్మం ఇవ్వలేదు. గంజి కోసం దేవుణ్ణి ఒప్పుకున్నారన్న మాట రాకూడదని. కరువు సహాయం ముగిశాక, 1878 జూలైలో ఒక్క రోజే 2,222 మందికి ఇచ్చారు. ఆ సంఖ్యను మా వేదికల మీద ఎన్నోసార్లు విన్నాను. దాని ముందు ఏడాది ఆగిన సంగతి ఎవరూ అంత గట్టిగా చెప్పలేదు.

కనుక ఇకమీదట మంచం దగ్గర ప్రార్థన ఉండదు. వారు తమంతట తాము అడిగితే తప్ప. మందిరంలో పొద్దున చేసేది మాత్రం మా కోసం. అది మానను.

ఎర్రనేల (అనంతపురం)

పేర్లు గుర్తుంచుకోవడమే అయితే గోడమీద పట్టిక చాలు కదమ్మా?

పెన్నా ఒడ్డు (జమ్మలమడుగు)

ఆసుపత్రిలో ముప్పై ఏళ్లు పట్టికే పట్టుకుని తిరిగాను. అందులో మనుషులు పద్నాలుగో పడక, పదిహేనో పడక అయిపోయేవారు. నా చేతుల్లోనే అయిపోయారు. ఇంకో సంగతి. పేర్లు చెప్పేటప్పుడే నిన్నటి తప్పులూ చెబుతాం. ‘నిన్న తాతను విసుక్కున్నాను’ అని ఒకరు దేవునితో అంటుంటే మిగతా ఎనిమిది మందీ వింటారు. అదే మాట మీటింగులో వస్తే ఫిర్యాదవుతుంది, మనిషి ముడుచుకుపోతాడు.

విశ్వాసం అంటే గుండె నిండా పొంగే ఆనందమని అనుకోవద్దు. మదర్ థెరిసా 1997లో పోయారు. 2007లో ఆమె ఉత్తరాలు వెలువడ్డాయి. దశాబ్దాల పాటు దేవుడు తనకు దూరమైనట్టే, లోపలంతా చీకటిగా ఉన్నట్టే ఆమె రాసుకున్నారు. అయినా తెల్లవారగానే ప్రార్థనకు కూర్చున్నారు, లేచి పనికి వెళ్లారు. నాకూ చాలా రోజులు ఏమీ అనిపించదు. ఆ పావుగంట నన్ను గుమ్మం దాటిస్తుంది, అంతే.

దర్గా వీధి (కడప)

అక్కా, నేను ముస్లింను. రంజాన్‌లో జకాత్, అంటే మేం తప్పక ఇవ్వాల్సిన దానం, లెక్కకట్టేటప్పుడు మా పెద్దలు ముందు నియ్యత్ సరిచేసుకోమంటారు. ఎవరి కోసం ఇస్తున్నావో మనసులో తేల్చుకోవడం. అది నాకూ అల్లాకూ మధ్య సంగతి. పుచ్చుకునేవాడు దానికి బాకీ పడడు. మీ పొద్దుటి ప్రార్థన అటువంటిదే అనిపించింది. దాన్ని మానేయమనడం నా నియ్యత్ తీసేసి డబ్బు మాత్రం ఇమ్మన్నట్టుంది.

దాతతో ఇలా చెప్పి చూడండి. పరుపులు మీ సంఘానికి వద్దు, రోగుల ఇళ్లకు నేరుగా ఇమ్మనండి. ఎవరికి అవసరమో చిరునామాలు మీరు చూపించండి. ఆటో వదులుకోండి.

తుంగభద్ర (కర్నూలు)

మీరు క్షమాపణ అడగడం నాకు కష్టంగా ఉంది, అంతటి తప్పు మీది కాదు. అయినా పూర్తిగా ఒప్పుకోలేను. మంచం దగ్గర నోరు విప్పకపోయినా, మీ సంచి మీద శిలువ గుర్తు ఉంటే మా నాన్నలాంటివాడు దాన్నే చూస్తాడు.

పెన్నా ఒడ్డు (జమ్మలమడుగు)

ఉంది, ఎర్ర రంగులో. స్త్రీల సమాజం వారు ప్రేమతో కుట్టించారు, చెప్పడానికి నాకు కష్టమే. ఆదివారం ఆరాధన తరువాత కూర్చోబెట్టి చెబుతాను. అప్పటిదాకా కట్లు, గాజుగుడ్డ మామూలు గుడ్డసంచిలో పెట్టుకుని వెళ్తాం.

పరుపుల గురించి దాతకు ఫోను చేశాను. ఆలోచించి చెబుతామన్నారు. ముగ్గురికి వెంటనే కావాలి. ఆ అవ్వ పేరే ముందు రాశాను.