వల తెగితే పరిహారం ఎవరిని అడగాలి? భారత్, శ్రీలంకల మధ్య ఉన్న పాక్ (పాల్క్) అఖాతం వివాదంపై ఒక సందేహం

చీరాల_విద్యార్థి:
నేను న్యాయశాస్త్రం చదువుతున్నాను. మా తరగతిలో ఆ అఖాతంలోని కచ్చతీవు దీవి ప్రస్తావన వచ్చినప్పుడల్లా చర్చ మన జాలర్ల అరెస్టులతో మొదలై అక్కడే ముగిసిపోతుంది. అవతలి ఒడ్డున ఉన్న శ్రీలంక జాలర్ల సంగతి ఎవరూ ఎత్తరు. శ్రీలంక అంతర్యుద్ధం ముగిసిన 2009 తర్వాత జాఫ్నా, మన్నారు తీరాల్లో మళ్లీ వేటకు దిగిన తమిళ జాలర్లు చిన్న ఫైబర్ బోట్లతో, నైలాన్ వలలతో బతుకుతున్నారు. తమిళనాడు ట్రాలర్లు (పెద్ద వలను ఈడ్చుకెళ్లే మరపడవలు) సముద్రపు అడుగును ఊడ్చుకుంటూ వెళ్లినప్పుడు ఆ వలలు చిరిగి కొట్టుకుపోతున్నాయి. ఆ ట్రాలర్లు ఎక్కువగా సోమ, బుధ, శనివారాల్లో వేటకు బయలుదేరుతాయి కాబట్టి, ఆ రాత్రుల్లో అక్కడివారిలో చాలామంది వల వేయడమే మానుకుంటారని చదివాను. ఒక దేశపు జాలరి వలను మరో దేశపు జాలరి పాడుచేసినప్పుడు ఆ నష్టాన్ని రాబట్టుకోవడానికి చట్టంలో దారి ఉందా? ఇలాంటి తగాదాలు వేరే సముద్రాల్లో ఎలా తేలాయి?

బాపట్ల_వకీలు:
మంచి ప్రశ్న అడిగారు. ముందుగా, శ్రీలంక వేసే జరిమానా వల పోయినవారికి అందుతుందన్న అపోహ తొలగించాలి. శ్రీలంక 2017లో అడుగు ట్రాలింగ్‌ను నిషేధించింది. విదేశీ పడవలపై ఉన్న 1979 నాటి చట్టాన్ని 2018లో సవరించి, పడవ పొడవును బట్టి 17.5 కోట్ల శ్రీలంక రూపాయల దాకా జరిమానా వేసే వీలు కల్పించింది. అయితే జరిమానా చేరేది ఖజానాకు, పడవను జప్తు చేస్తే అది ప్రభుత్వపరం అవుతుంది. వల పోగొట్టుకున్న మనిషి ఆ కేసులో కక్షిదారు కానే కాడు.

రాజ్యం మీద రాజ్యం వేసే దావా సంగతి వేరు. తన జెండా కింద తిరిగే పడవలు పరాయి జలాల్లో అక్రమ వేట సాగించకుండా తగిన జాగ్రత్త తీసుకోవలసిన బాధ్యత ఆ దేశానిదేనని అంతర్జాతీయ సముద్ర న్యాయస్థానం 2015 ఏప్రిల్ 2న ఇచ్చిన సలహా అభిప్రాయంలో చెప్పింది. ఆ జాగ్రత్త తీసుకోని దేశానికి బాధ్యత తప్పదు గానీ, పడవ తప్పు చేసినంత మాత్రాన దేశమే తప్పు చేసినట్టు కాదని కూడా అందులోనే ఉంది. పైగా ఆ దావా వేయవలసింది కొలంబో ప్రభుత్వం. రెండు ప్రభుత్వాల స్నేహం ముందు నాలుగు వలల బరువెంత?

ఎవరూ పట్టించుకోని దారి ఇంకొకటి ఉంది. మన దేశపు 2017 నాటి అడ్మిరాల్టీ (నౌకా వివాదాల) చట్టం ప్రకారం నౌక నడపడం వల్ల కలిగిన నష్టానికి హైకోర్టులో దావా వేసి, ఆ నౌకనే రేవులో ఆపించమని కోరవచ్చు. ఆ చట్టంలో నౌక అంటే పడవ కూడా. జాఫ్నా జాలరి మద్రాసు హైకోర్టు మెట్లెక్కడం తేలికని నేను అనను, కాని తలుపు మూసి లేదు.

పాతకాగితాలు:
రెండో ప్రశ్నకు నేను జవాబిస్తాను. ఉత్తర సముద్రంలో ఈ తగాదా ఎంత ముదిరిందంటే, ఇతరుల వలలు అడ్డం వస్తే కోసేయడానికి ట్రాలర్లవాళ్లు కొక్కేల్లాంటి పనిముట్టును వెంట తీసుకెళ్లేవారు. దానికి 'బెల్జియం దయ్యం' అని పేరు. 1882లో హేగ్‌లో ఆరు దేశాలు ఒప్పందం చేసుకుని ఆ పనిముట్టును నిషేధించాయి, పడవల మీద అక్షరాలు, అంకెలు తప్పనిసరి చేశాయి.

అంతకు నాలుగేళ్ల ముందు, అప్పటి బ్రిటిష్ వలస న్యూఫౌండ్లాండ్‌లోని ఫార్చ్యూన్ బేలో కథ తిరగబడింది. 1878 జనవరి 6, ఆదివారం. అమెరికా పడవలు బ్రిటన్‌తో కుదిరిన 1871 ఒప్పందం ఇచ్చిన హక్కుతో హెర్రింగ్ చేపలకు వలలు వేశాయి. ఆదివారం వేట స్థానిక చట్టానికి విరుద్ధమంటూ ఊరి జాలర్లు వలలు ఎత్తించారు, ఒకదాన్ని చింపేశారు. స్థానిక చట్టం అందరికీ వర్తిస్తుందని బ్రిటన్ మొదట భీష్మించి, చివరికి 1881లో 15,000 పౌండ్లు చెల్లించింది. హక్కు ఎవరిదన్న ప్రశ్న మాత్రం 1910లో హేగ్ మధ్యవర్తిత్వం దాకా నానింది. డబ్బు ముందు చేతికందింది, సిద్ధాంతం తర్వాత తేలింది. మనకు పనికొచ్చే సంగతి ఇదే.

ఇంకా దగ్గరి పోలిక జపాన్‌ది. సోవియట్ ట్రాలర్లు జపాన్ తీర జాలర్ల వలలు పాడుచేస్తుంటే, 1975లో రెండు దేశాలు ఒప్పందం చేసుకుని, నష్టపరిహారపు అర్జీలు పరిశీలించే సంఘాలను టోక్యోలోను, మాస్కోలోను ఏర్పాటు చేశాయి. అమెరికా, సోవియట్‌ల మధ్య ఇలాంటి ఏర్పాటు 1973లోనే కుదిరింది. దానికి రెండేళ్ల ముందు, రొయ్యజాతి లాబ్‌స్టర్ల బుట్టలు పోగొట్టుకున్న ఒక అమెరికా సంస్థ శాన్‌ఫ్రాన్సిస్కో రేవులో సోవియట్ సరుకు ఓడనే కోర్టు ద్వారా ఆపించింది. వకీలు గారు చెప్పిన దారి అదే.

నెల్లూరు_తీరం:
పెద్దలిద్దరూ చట్టం చెప్పారు, నేను సాక్ష్యం సంగతి చెబుతాను. దేశాల మధ్య కాకపోయినా, తమిళనాడు నుంచి వచ్చే సోనా బోట్లనే వేట మరపడవలతో మా తీరానికి ఇదే తంటా. మా చిన్నాన్న ఒక రాత్రి వేసి వచ్చిన వలలో తెల్లవారేసరికి మిగిలినవి కొన్ని బెండ్లు, చేతికి బారెడు తాడు. కార్యాలయానికి వెళితే బోటు నంబరు అడిగారు. చీకట్లో, అంత దూరాన, దీపం ఆర్పేసి వెళ్లే బోటు నంబరు ఎవరు చదవగలరు? వలకైనా కొన్న రశీదు ఉంటుంది. జాఫ్నావాళ్లు భయపడి వారానికి మూడు రాత్రులు ఒడ్డున కూర్చుంటే, పోయిన ఆ వేటకు లెక్క ఏ కాగితం మీద చూపుతారు? వల మీద యజమాని గుర్తు, వేసిన చోటును జీపీఎస్‌లో నమోదు చేయడం, ఆ వారంలోనే ఫిర్యాదు, ఇవి లేకపోతే టోక్యో లాంటి సంఘం పెట్టినా అర్జీలు కొట్టేస్తారు.

చీరాల_విద్యార్థి:
అందరికీ కృతజ్ఞతలు. వకీలు గారూ, ఒక్క సందేహం మిగిలింది. విడివిడిగా ఖర్చు భరించలేనివారు ఒక సహకార సంఘం తరఫున ఉమ్మడిగా దావా వేయవచ్చునా?

బాపట్ల_వకీలు:
అందరి ప్రయోజనం ఒకటే అయినప్పుడు ప్రాతినిధ్య దావాకు, అంటే కొందరు అందరి తరఫున వేసే దావాకు, సివిల్ ప్రొసీజర్ కోడ్ మొదటి ఆర్డరు, ఎనిమిదో రూలు వీలు కల్పిస్తుంది. ట్రాలర్లు రాకుండా ఆపమనే కోరికకు అది సరిపోతుంది. పరిహారం దగ్గర మాత్రం ఎవరి వల వారిదే, ఎవరి రాత్రి వారిదే, వల కోసిన బోటు కూడా వేరు కావచ్చు. అందుకని నేనైతే, నెల్లూరు మిత్రులు చెప్పిన మూడు సాక్ష్యాలూ ఉన్న ఒక్క జాలరిని వెతికి, అతని పేరుతో ఒక్క బోటు మీద మొదటి దావా వేయిస్తాను.