సివ్ 6: బార్బేరియన్ గుర్రాలు ప్రతిసారీ నా ఊరి మీదే పడుతున్నాయి, ఏం చేయాలి?

కొత్త_సెటిలర్:
అందరికీ నమస్తే. సివిలైజేషన్ 6 అనే స్ట్రాటజీ గేమ్ ఈమధ్యే మొదలుపెట్టాను. కష్టం ప్రిన్స్ లెవెల్, స్టాండర్డ్ స్పీడ్. ఏ ఆట మొదలుపెట్టినా ఒకటే గోల. మొదట్లో ఒక బార్బేరియన్ (ఏ దేశానికీ చెందని దోపిడీ మూక) స్కౌట్ వచ్చి ఊరు చూసి వెళ్లిపోతాడు, ఒక్కడే కదా అని నేను పట్టించుకోను, ఆ తర్వాత కొన్ని టర్న్‌లకే గుర్రాల మీద గుంపుగా దిగుతారు. పొలాలు పాడు చేస్తారు, బిల్డర్‌ని ఎత్తుకుపోతారు, నా వారియర్ ఏమో అటూ ఇటూ పరిగెత్తి చచ్చిపోతాడు. ఇదంతా రాండమా, లేక దీనికేదైనా లెక్క ఉందా? పక్కనున్న కంప్యూటర్ దేశాలను వదిలేసి నా మీదే పగబట్టినట్టుంది. బార్బేరియన్లను ఆఫ్ చేసి ఆడుకోమని మా రూమ్మేట్ అంటున్నాడు, అలా చేస్తే ఏమైనా పోగొట్టుకుంటానా?

ఇంకొక్క_టర్న్:
లెక్క ఉంది తమ్ముడూ. "ఒక్కడే కదా అని పట్టించుకోను" అన్నావు చూడు, మొత్తం కథ అక్కడే ఉంది.

ప్రతి బార్బేరియన్ క్యాంప్‌లో కాపలాకి ఒకడు ఉంటాడు, మొదట్లో స్పియర్‌మన్. వాడు క్యాంప్ వదలడు, వాడి గురించి టెన్షన్ అక్కర్లేదు. ఇంకొకడు స్కౌట్, వాడి పనే ఊళ్లు వెతకడం. ఊరు కంటపడగానే వాడి తల మీద ఆశ్చర్యార్థకం గుర్తు వస్తుంది. అంటే కబురు దొరికింది, ఇక వెనక్కి బయలుదేరతాడు. పగలు దొంగ రెక్కీ చేసుకుని వెళ్లడం లాంటిది. వాడు క్యాంప్‌కి చేరాడంటే అక్కడ్నుంచి యూనిట్లు వరసగా పుట్టుకొస్తాయి, వాడు చూసొచ్చిన ఊరి మీదికే వస్తాయి. నీ మీదే పగ అనిపించేది అందుకే. అదే స్కౌట్‌కి పక్క దేశం ఊరు కనబడి ఉంటే ఆ గుర్రాలు అటు పోయేవి.

అందుకని నీ యుద్ధం గుర్రాలతో మొదలవకూడదు, స్కౌట్‌తోనే అయిపోవాలి. వాడు మధ్యలో చచ్చాడంటే కబురు చేరదు, క్యాంప్ ఇంకో స్కౌట్‌ని పంపుకోవాల్సిందే, అప్పటికి నీకు బోలెడు టైమ్ దొరుకుతుంది.

అయితే వాడి వెనకాల పరిగెత్తకు. స్కౌట్‌కి ఒక్కో టర్న్‌కి 3 అడుగులు, వారియర్‌కి 2. తరమడం శుద్ధ దండగ. వాడు ఏ దిక్కు నుంచి వచ్చాడో గుర్తుపెట్టుకో, వెళ్లేదీ అటే. ఆ దారిలో ముందే కాచుకో. క్యాంప్ ఎక్కడుందో తెలిస్తే ఇంకా మంచిది, వారియర్‌ని తీసుకెళ్లి ఊరికీ క్యాంప్‌కీ మధ్య నిలబెట్టేయ్. అడవులూ గుట్టలూ ఉన్న చోట వాడి నడక కూడా మందగిస్తుంది, దొరికేది అక్కడే. ఒక్క దెబ్బకి చావడు, ఇద్దరుండి కొడితే పని అవుతుంది.

రాళ్ల_స్లింగర్:
పైనాయన చెప్పింది కరెక్ట్, ఆ రెండోవాడు స్లింగర్ (దూరం నుంచి రాళ్లు విసిరేవాడు) అయితే ఇంకా బెటర్. స్లింగర్ చేత ఒక శత్రువుని చంపిస్తే ఆర్చరీ టెక్నాలజీకి యురేకా (ఆ పరిశోధనని కొంత ముందుకు జరిపే బోనస్) వస్తుంది. అంటే వారియర్‌తో సగం చావగొట్టి, చివరి దెబ్బ మాత్రం స్లింగర్‌కి వదిలేయాలి. ఇది చాలామంది గమనించరు, వారియర్‌తోనే పూర్తిచేసేసి యురేకా పోగొట్టుకుంటారు.

ఇంకా ఉన్నాయి. 3 బార్బేరియన్లను చంపితే బ్రాంజ్ వర్కింగ్ యురేకా. ఒక క్యాంప్ తీసేస్తే మిలిటరీ ట్రెడిషన్‌కి ఇన్‌స్పిరేషన్ (ఇదీ యురేకా లాంటి బోనస్సే), పైగా గోల్డ్. అందుకే మీ రూమ్మేట్ మాట నాకు నచ్చలేదు. సెట్టింగ్స్‌లో ఆపేసే ఆప్షన్ ఉన్న మాట నిజమే, కానీ ఆపేస్తే ఇవన్నీ ఆటలోంచి పోతాయి.

కోడ్ ఆఫ్ లాస్ అనే తొలి పరిశోధన పూర్తవ్వగానే మొదటి పాలసీ కార్డులు వస్తాయి కదా, అందులో డిసిప్లిన్ పెట్టండి. బార్బేరియన్లతో పోరాడేటప్పుడు +5 బలం. వారియర్ బలమే 20, అందులో 5 అంటే చిన్న విషయం కాదు. చుట్టుపక్కల సద్దుమణిగాక కార్డు మార్చేసుకోవచ్చు.

కొత్త_సెటిలర్:
థాంక్స్ అన్నా, థాంక్స్ అండీ. స్కౌట్ తల మీద గుర్తు చూశాను కానీ దానికి ఇంత అర్థం ఉందనుకోలేదు. ఇంకో రెండు డౌట్లు. ఒకటి, స్కౌట్ తప్పించుకుని పోతే అప్పుడేం చేయాలి? రెండు, ఒక క్యాంప్‌ని కష్టపడి తీసేశాను, కొంతసేపటికి దాదాపు అక్కడే ఇంకోటి వచ్చింది. ఆ ప్రాంతం నేను ముందే తిరిగేశాను, మ్యాప్‌లో తెరుచుకునే ఉంది. మరి ఎలా వచ్చింది?

గుట్టమీద_కాపలా:
రెండోది ముందు చెప్తాను, నా దృష్టిలో అదే అసలు విషయం.

ఒకసారి తిరిగి చూసిన చోటు వేరు, ఈ క్షణంలో నీ యూనిట్‌కో ఊరికో కనబడుతున్న చోటు వేరు. మ్యాప్‌లో మసక రంగులో ఉన్నదంతా నువ్వు ఎప్పుడో చూసింది మాత్రమే, ఇప్పుడు అక్కడ ఏం జరుగుతోందో నీకు తెలియదు. క్యాంపులు పుట్టేది ఎవరి కంటికీ ఆనని ఖాళీ నేల మీదే. నువ్వు క్యాంప్ తీసేసి యూనిట్‌ని ఇంటికి తెచ్చేసుకున్నావు, ఆ చోటు మళ్లీ మసకబారింది, ఇంకో క్యాంప్ లేచింది.

మందు ఏంటంటే కాపలా. ఒక పాత వారియర్‌నో, మ్యాప్ తిరగడం అయిపోయిన నీ స్కౌట్‌నో ఆ వైపు గుట్ట ఎక్కించి పడుకోబెట్టు. వాడు ఎవరితోనూ కొట్లాడక్కర్లేదు, కళ్లు తెరుచుకుని ఉంటే చాలు, వాడికి కనబడే మేర క్యాంప్ పుట్టదు. గుట్ట ఎందుకంటే పక్కన అడవి ఉన్నా అడ్డం రాకుండా దూరం కనబడుతుంది. పల్లంలో నిలబెడితే అడవి అవతల ఏమీ కనబడదు. ఇలా ఖాళీగా ఉన్న దిక్కుల్లో ఇద్దరిని పెడితే నీకు తలనొప్పి చాలావరకు తగ్గుతుంది. ఊళ్లు పెరిగి సరిహద్దులు కలిసే కొద్దీ క్యాంపులకి చోటే ఉండదు. కానీ సముద్రం అవతల ఖాళీ దీవులుంటే మాత్రం ఆట చివరిదాకా ఎక్కడో ఒకచోట పుడుతూనే ఉంటాయి.

ఇంకొక్క_టర్న్:
మొదటి డౌట్‌కి. స్కౌట్ పోయాడు, గుర్రాలు వస్తున్నాయి అనుకుందాం. గుర్రాలే ఎందుకంటే ఆ క్యాంప్ దగ్గర్లో గుర్రాల రిసోర్స్ ఉండి ఉంటుంది. అన్ని క్యాంపులూ ఒకటి కాదు. ఒడ్డున ఉన్న క్యాంపు పడవలను పంపుతుంది, మామూలు చోట ఉన్నది కాలిబంట్లను పంపుతుంది. ఆట మొదట్లో గుర్రాల క్యాంపే అన్నిటికన్నా డేంజర్, అందుకే మ్యాప్‌లో నీ పక్కన గుర్రాలు కనబడి, ఆ టైల్ (మ్యాప్‌లో గడి) ఎవరి చేతిలోనూ లేకపోతే ముందే అటు ఓ కన్నేసి ఉంచు.

వచ్చాక మాత్రం ఎదురెళ్లకు. స్పియర్‌మన్‌కి గుర్రాల మీద +10 ఉంటుంది, వీలైతే ఒకణ్ణి తయారుచెయ్. ఉన్న వారియర్‌ని ఊరి పక్కన గుట్ట మీదో, నది ఇవతలో నిలబెట్టి ఫోర్టిఫై చెయ్ (కదలకుండా కాచుకునే ఆజ్ఞ). వాళ్లు వచ్చి కొట్టుకోనీ, వాళ్లకే ఎక్కువ నష్టం. వెనకాల ఆర్చర్ ఉంటే రెండు టైల్స్ దూరం నుంచి ఒక్కొక్కణ్ణి లేపేస్తాడు. ఊరే బాణాలు వేస్తుందని కొందరు ఆశపడతారు, గోడలు కట్టనిదే ఊరు బాణాలు వేయదు. బిల్డర్లను ఊళ్లోకి లాగేసుకో.

సుమేరు_అభిమాని:
కొంచెం దారి తప్పుతున్నాను కానీ, బార్బేరియన్లంటే భయం పోవాలంటే ఒక ఆట సుమేరియా నాయకుడు గిల్గమేష్‌తో ఆడి చూడండి. సుమేరియాకి వార్ కార్ట్ అనే యుద్ధ రథం మొదటి టర్న్ నుంచే దొరుకుతుంది, దానికి గుర్రాల రిసోర్స్ కూడా అక్కర్లేదు. క్యాంప్ కొడితే ట్రైబల్ విలేజ్‌లో దొరికే బహుమతి లాంటిది అదనంగా ఇస్తారు. మనమే క్యాంపుల కోసం వెతుక్కుంటూ తిరుగుతాం!

కొత్త_సెటిలర్:
అలా అయితే ఒక క్యాంప్‌ని వదిలేసి, వచ్చినవాళ్లను వచ్చినట్టు చంపుతూ నా ఆర్చర్లకి ప్రమోషన్లు (అనుభవంతో వచ్చే అదనపు బలాలు) కొట్టుకోవచ్చా? ఇంకా, ఎత్తుకుపోయిన సెటిలర్ (కొత్త ఊరు కట్టేవాడు) తిరిగి దొరుకుతాడా?

గుట్టమీద_కాపలా:
మొదటిది లాభం లేదు. యూనిట్‌కి ఒక ప్రమోషన్ వచ్చాక బార్బేరియన్లను కొడితే అనుభవం దాదాపు రాదు, పోరాటానికి ఒక పాయింట్ రాలుతుంది అంతే. ఆ మొదటి ప్రమోషన్ దాకా వాడుకో, తర్వాత క్యాంప్ తీసేయ్.

సెటిలర్ దొరుకుతాడు. పట్టుకున్నవాణ్ణి వాళ్లు క్యాంప్ వైపు తీసుకుపోతారు, వెంటపడి ఆ టైల్‌లోకి నీ సైనికుడు అడుగుపెడితే మళ్లీ నీవాడే. సివ్ 5లో ఇలా విడిపించిన సెటిలర్ వర్కర్‌గా మారిపోయేవాడు, 6లో సెటిలర్‌గానే వస్తాడు, కాబట్టి వదిలేసుకోకు. ఇకనుంచి సెటిలర్‌ని ఒంటరిగా పంపకు. వారియర్‌నీ సెటిలర్‌నీ ఒకే టైల్‌లో పెట్టి ఫార్మేషన్ బటన్ నొక్కితే ఇద్దరూ కలిసే నడుస్తారు.

రాళ్ల_స్లింగర్:
ఇంకో మాట. బార్బేరియన్ క్లాన్స్ అని ఒక మోడ్ 2021 ఫిబ్రవరి అప్‌డేట్‌లో వచ్చింది, కొత్త ఆట పెట్టేటప్పుడు గేమ్ మోడ్స్‌లో చూడండి. అందులో క్యాంపుకి డబ్బిచ్చి మన జోలికి రాకుండా చేసుకోవచ్చు, వాళ్ల యూనిట్‌ని కొనుక్కోవచ్చు, పక్కవాడి మీదికి ఉసిగొల్పొచ్చు కూడా. అలాగే వదిలేస్తే కొంతకాలానికి ఆ క్లాన్ ఓ సిటీ స్టేట్ (ఒకే ఊరున్న చిన్న రాజ్యం) అయిపోతుంది. 2025లో వచ్చిన సివ్ 7లో బార్బేరియన్లను తీసేసి ఇండిపెండెంట్ పవర్స్ పెట్టారు, అక్కడ ఇన్‌ఫ్లుయెన్స్ (దౌత్యానికి వాడే పాయింట్లు) ఖర్చుపెట్టి స్నేహం చేసుకోవచ్చు. కానీ మీరు ముందు మామూలు మోడ్‌లోనే స్కౌట్‌ని ఆపడం అలవాటు చేసుకోండి, క్లాన్స్ తర్వాత.

కొత్త_సెటిలర్:
ఇప్పుడే కొత్త ఆట పెట్టాను. తూర్పు వైపు స్కౌట్ కనబడ్డాడు, తల మీద గుర్తు లేదు. ఊరికి మూడు నాలుగు టైల్స్ దూరంలో ఉన్నాడు. కొట్టనా, ఆగనా?

ఇంకొక్క_టర్న్:
అడగడమెందుకు, కొట్టు! గుర్తు వచ్చాక తరమడం కన్నా ఇప్పుడే నయం. వారియర్‌ని వాడికి తూర్పు వైపుకి తిప్పి తీసుకెళ్లు, నేరుగా మీదికి వెళ్తే వెనక్కి జారుకుంటాడు. స్లింగర్‌ని ఊరి వైపు ఉంచు, చివరి దెబ్బ వాడిదే.