రొయ్యల చెరువు జనరేటర్‌కి షంట్ ఏవీఆర్ సరిపోతుందా, పీఎంజీ కావాలా?

పాలకొల్లు రైతు:
అందరికీ నమస్కారమండి. మా చెరువుల మీద నీళ్లలో గాలి కలిపే 2 హెచ్‌పీ త్రీ ఫేజ్ ఏరేటర్లు 16 ఉన్నాయి, అన్నీ డీఓఎల్ (మోటార్‌కి నేరుగా పూర్తి వోల్టేజీ ఇచ్చే) స్టార్టర్లే, కరెంటు రాగానే వాటంతట అవే స్టార్ట్ అయ్యేలా ఆటో పెట్టించాం. జనరేటర్ 62.5 కేవీఏ. రాత్రి కరెంటు పోయి జనరేటర్ మీదికి మారగానే అన్నీ ఒక్కసారి లాగుతాయి, లైట్లు మసకబారి స్టార్టర్లలోని కాంటాక్టర్లు (కరెంటు కలిపే స్విచ్‌లు) టకటకా కొట్టుకుని పడిపోతాయి. తెల్లవారుజామున నీళ్లలో ఆక్సిజన్ అసలే తక్కువ, మనిషి గట్టు మీద పరిగెత్తి ఒక్కో స్టార్టర్ నొక్కి వచ్చేలోపు రొయ్య పైకి తేలుతోంది. రోజూ ఇదే టెన్షన్. మీది షంట్ ఆల్టర్నేటర్ (ఇంజన్ తిప్పితే కరెంటు పుట్టించే భాగం), పీఎంజీ ఉన్న సెట్ తీసుకుంటే ఈ బాధ ఉండదు అని డీలర్ అంటున్నారు. నిజమేనా? డబ్బు బాగానే తేడా ఉంది.

డీజీ మెకానిక్:
ఏవీఆర్ అంటే జనరేటర్ వోల్టేజీని నిలకడగా ఉంచే రెగ్యులేటర్, దాని పని ఎక్సైటర్ ఫీల్డుకి, అంటే ఆల్టర్నేటర్‌లో అయస్కాంత బలం తెచ్చే చుట్టకి, డీసీ ఇవ్వడం. ఆ పవర్ అది ఎక్కణ్ణుంచి తెచ్చుకుంటుందన్న దగ్గరే తేడా అంతా. షంట్‌లో జనరేటర్ సొంత అవుట్‌పుట్ నుంచే తీసుకుంటుంది. అంటే లోడు పడి వోల్టేజీ దిగినప్పుడు, ఫీల్డుకి ఎక్కువ ఇవ్వాల్సిన ఆ క్షణంలోనే దాని చేతికొచ్చేది తగ్గిపోతుంది. ఆకలేసినప్పుడే కంచం లాగేసినట్టు. పీఎంజీ అంటే షాఫ్టు వెనక చివర బిగించిన చిన్న పర్మనెంట్ మాగ్నెట్ జనరేటర్, ఇంజన్ తిరుగుతున్నంతసేపూ మెయిన్ వైండింగ్‌లో ఏం జరిగినా ఏవీఆర్‌కి పవర్ అందుతూనే ఉంటుంది. ఈ రెంటికీ మధ్యలో ఇంకోటుంది, స్టేటర్‌లోనే ఏవీఆర్ కోసం విడిగా వైండింగ్ చుట్టడం. ఆల్టర్నేటర్లు చేసే లెరాయ్ సోమర్ కంపెనీ వాళ్లు దీన్ని ఏఆర్ఈపీ అంటారు. అందులో రెండు వైండింగ్‌లు, ఒకటి వోల్టేజీని బట్టి, రెండోది లోడు కరెంటుని బట్టి పవర్ ఇస్తాయి, కాబట్టి లోడు పెరిగేకొద్దీ ఏవీఆర్‌కి బలం వస్తుంది. దీంతో గానీ పీఎంజీతో గానీ షార్ట్ అయినప్పుడు రేటింగ్‌కి 3 రెట్ల కరెంటు 10 సెకన్ల దాకా నిలుస్తుంది. షంట్‌లో మొదట గట్టిగా వచ్చినా వెంటనే కూలిపోతుంది.

రైస్ మిల్లు ఎలక్ట్రీషియన్:
నేనైతే పీఎంజీకే ఓటు వేస్తానండి. మా మిల్లులో షంట్ సెట్ ఉన్నప్పుడు పెద్ద మోటార్ వేస్తే వోల్టేజీ పడిపోయి మళ్లీ లేవడానికి చాలాసేపు పట్టేది. వీఎఫ్‌డీ (మోటార్ స్పీడు మార్చే డ్రైవ్) పెట్టాక ఇంకో తలనొప్పి, అది కరెంటు వేవ్‌ఫామ్ పాడు చేస్తుంది, ఆ పాడైన కరెంటే షంట్ ఏవీఆర్‌కి తిండి, వోల్టేజీ ఊగుతూ ఉండేది. పీఎంజీ సెట్ వచ్చాక రెండూ పోయాయి. చెరువు దాకా పొడుగు కేబుళ్లు తడి నేలలో వెళ్తాయి కదా, షార్ట్ అయితే బ్రేకర్ పడేంత కరెంటు రావాలి, ఆ ఒక్క కారణానికైనా పీఎంజీ పెట్టుకోవచ్చు. కరెంటు నేలలోకి లీకైతే సప్లై ఆపించే ఎర్త్ లీకేజ్ రిలే మాత్రం ఏ సెట్‌కైనా ఉండి తీరాలి, నీళ్లలో దిగి పనిచేసే మనుషులు.

డీజీ మెకానిక్:
మిల్లు విషయంలో మీరు చెప్పింది నూటికి నూరు పాళ్లు నిజం. కానీ రైతు గారి లెక్క వేరండి. 2 హెచ్‌పీ మోటార్ నడిచేటప్పుడు సుమారు 3.3 ఆంపియర్లు అనుకుందాం, 16కి 53. డీఓఎల్‌లో స్టార్టింగ్ 6 రెట్లు, అంటే 317 ఆంపియర్లు. 62.5 కేవీఏ సెట్ ఫుల్ లోడు 87 మాత్రమే. మూడున్నర రెట్లు పైన ఒక్కసారి పడితే ఏ పీఎంజీ కాపాడుతుంది? మొదటి క్షణం ఎంత దిగుతుందన్నది ఏవీఆర్ చేతిలో లేదు, అది ఆల్టర్నేటర్ రియాక్టెన్స్‌ని (వైండింగ్‌ల లోపలి అడ్డుని) బట్టి ఉంటుంది. పీఎంజీ చేసేది దిగాక త్వరగా లేపడం. పైగా ఇంజన్ స్పీడు కూడా పడుతుంది, దాంతో ఫ్రీక్వెన్సీ 50 నుంచి 47 హెర్ట్జ్ దగ్గర్లోకి వస్తే ఏవీఆరే కావాలని వోల్టేజీ తగ్గిస్తుంది, అక్కడ మీకు పీఎంజీ ఉన్నా లేకపోయినా ఒకటే. ముందు స్టార్టర్లకి టైమర్లు పెట్టించండి, నాలుగేసి ఏరేటర్లు, అయిదారు సెకన్ల తేడాతో. ఆఖరి నాలుగు లాగేటప్పుడు కూడా నడుస్తున్న 12కి 40, కొత్తవాటికి 79, మొత్తం 119. కాసేపే కాబట్టి షంట్ సెట్ తట్టుకుంటుంది. అది చేశాక కూడా పడిపోతుంటే అప్పుడు పీఎంజీ మాట్లాడుకుందాం.

పాలకొల్లు రైతు:
ఇంత వివరంగా ఎవరూ చెప్పలేదండి, చాలా థాంక్స్. సెట్ మార్చే ఆలోచన ఆపేశాను, ఈ వారమే టైమర్లు పెట్టిస్తాను, ఎర్త్ లీకేజ్ రిలే కూడా. ఒక్క సందేహం, పట్టుబడి అయ్యాక చెరువులు ఎండగట్టినప్పుడు జనరేటర్ నెలలు ఊరికే ఉంటుంది, ఆమధ్య ఒకసారి ఇంజన్ తిరిగినా వోల్టేజీ అసలు రాలేదు. ఇదీ షంట్ వల్లేనా?

డీజీ మెకానిక్:
అయ్యుండొచ్చు. షంట్ లేవాలంటే ఇనుములో మిగిలిన కాస్త అయస్కాంతం కావాలి, అది తగ్గిపోతే ఏవీఆర్ మేలుకోదు. పీఎంజీకి ఈ బాధ లేదు, దాని అయస్కాంతం దానికి ఉంటుంది. మీకు మళ్లీ అలా అయితే 12 వోల్టుల బ్యాటరీతో ఫీల్డుకి ఒక్క క్షణం చూపిస్తారు, మధ్యలో డయోడ్ పెట్టాలి, పోలారిటీ తప్పకూడదు, తెలిసిన మెకానిక్ చేతే చేయించండి. అసలు ఆ గతి రాకుండా, ఖాళీ నెలల్లో వారానికోసారి పదిహేను నిమిషాలు ఏదో ఒక లోడు మీదైనా తిప్పుతూ ఉండండి.