వంటింటి ఫ్యాన్ ఆపేశాక చలిగాలి: ఏ షట్టర్ ఆపుతుంది?

మాది మాంచెస్టర్‌లో పాత ఇల్లు. వంటింటి బయటి గోడకు 150 మి.మీ. ఎగ్జాస్ట్ ఫ్యాన్ ఉంది. తాలింపు పొగ బాగానే లాగుతుంది, బాధంతా ఆపేశాకే. గాలి ఎదురుగా వీచిన రాత్రి బయటి ప్లాస్టిక్ రెక్కలు టపటపా కొట్టుకుంటాయి, పొయ్యి దగ్గర నిలబడితే మెడ మీద చలి కొడుతుంది.

రెక్కలు విప్పి జిడ్డు కడిగాను. అంచులకు ఫోమ్ టేపు అంటిస్తే వారం తిరక్కుండానే ఊడిపోయింది. తర్వాత గొట్టంలో పలచటి పొరల డ్యాంపర్ (గాలిని ఒకవైపే పోనిచ్చే మూత) పెట్టాను. చలి తగ్గింది గానీ పొగ లాగడమూ తగ్గింది. (అట్టముక్క అడ్డం పెట్టమని మా ఆవిడ సలహా. రోజుకు మూడుసార్లు ఎవరు తీస్తారు?)

ఇంగ్లండ్ నిబంధనల ప్రకారం పొయ్యి పైన పొగను బయటికి పంపే హుడ్ లేని వంటింట్లో కొత్త ఫ్యాన్ సెకనుకు 60 లీటర్ల గాలి లాగాలి. అంత లాగుతూ, ఆపగానే గట్టిగా మూసుకోవడానికి మన వంటల జిడ్డులో స్ప్రింగు షట్టర్ నిలుస్తుందా, మోటారుతో మూసుకునేదే కొనాలా?