సేవా క్లబ్బులో చేరి పిల్లలకు మార్గదర్శనం చేయడానికి వయసు అడ్డమా?

ప్రశ్న: తిరుపతిలో ఉద్యోగం చేస్తున్న నాకు 31 ఏళ్లు. ప్రభుత్వ పాఠశాలలో పదో తరగతి పిల్లలకు పై చదువుల విషయంలో తోడ్పడాలని ఉంది. క్లబ్బు ద్వారా వెళ్లడం మేలా?

జవాబు: వయసు అడ్డం కాదండీ. రోటరీ వారి యువజన సేవా క్లబ్బుగా 1968లో మొదలైన రోటరాక్ట్‌లో చేరడానికి 18 ఏళ్లు నిండితే చాలు. గరిష్ఠ పరిమితిని 2020 జూలై నుంచి తొలగించారు. లయన్స్ వారి లియో క్లబ్బుల్లో మాత్రం 30 దాటితే కుదరదు.

మరో జవాబు: క్లబ్బు తరఫున వెళ్తే ప్రధానోపాధ్యాయుల అనుమతి సులువవుతుంది. అయితే నోటుపుస్తకాలు పంచి, ఫ్లెక్సీ ముందు ఫొటో దిగి రావడాన్ని మార్గదర్శనం అనలేము. పాలిటెక్నిక్‌లో చేరాలంటే పాలిసెట్ రాయాలని తెలియని పిల్లవాడి పక్కన కూర్చుని, దరఖాస్తు నింపించి, ఫలితాల దాకా వెంట ఉండడమే అసలు పని. ఏడాది పొడవునా ఒకే బడికి వెళ్తారో లేదో చేరకముందే అడగండి.

ప్రశ్న అడిగినవారు: ధన్యవాదాలండీ. నాకు ఆదివారాలే వీలు కనుక, సంక్షేమ వసతిగృహాల పిల్లల గురించి కూడా విచారిస్తాను.