మోకాలి చిప్ప విరిగితే తీగ కట్టాలా, స్క్రూలు వేయాలా?

పలాస వాసి: జీడిపప్పు ఒలిచే పనికి వెళ్ళే మా అమ్మ గచ్చు మీద జారిపడటంతో మోకాలి చిప్ప అడ్డంగా రెండు ముక్కలైంది. రెండు పిన్నులు దింపి, వాటి మీదుగా ఎనిమిది అంకె ఆకారంలో స్టీలు తీగ బిగించారు. ఎముక అతికింది గానీ, పిన్ను కొస చర్మం కింద వేలికి తగులుతోంది. మోకాలు ఆనించి కూర్చోలేకపోతోంది. స్క్రూలు ఉండగా ఈ పాత తీగ పద్ధతిని ఎందుకు వదలరు?

నాగావళి తీరం: శ్రీకాకుళంలో ఫిజియోథెరపీ చేస్తున్నవాడిగా చెబుతున్నాను. మోకాలు మడిచినప్పుడు తొడ కండరం పై ముక్కను పైకి లాగుతుంది. ముందువైపున్న తీగ ఆ లాగుడును తట్టుకుని, లోపల కీలు వైపు ముక్కలను ఒకదానికొకటి అదుముతుంది. కాలును త్వరగా కదిలించే వీలు కలిగేది అందువల్లనే. స్క్రూలకు పెద్ద ముక్కలు, గట్టి ఎముక కావాలి. వయసు మళ్ళినవారి గుల్లబారిన ఎముకలో వాటికి పట్టు చాలదు.

పలాస వాసి: పిన్ను గుచ్చుకుంటోందా, లేదా? దానికి జవాబు చెప్పండి.

ఆమదాలవలస: మా బావకు చిప్ప పూర్తిగా తీసేశారు. నడుస్తూనే ఉన్నారు.

నాగావళి తీరం: నడవవచ్చు, కానీ కాలు చాచే బలం తగ్గుతుంది. నూతి గిలకలా చిప్ప కండరం లాగుడుకు బలమిస్తుంది. అది లేకపోయినా మోకాలికి లోటు లేదని 1937లో బ్రూక్ అనే బ్రిటిష్ సర్జన్ వాదించారు. తరువాతి పరిశోధనలు ఆ మాటను నిలబెట్టలేదు. ముక్కలు నుగ్గయి, కూర్చడానికి వీలులేనప్పుడే చిప్ప తీస్తారు.

బొబ్బిలి: తీగ బదులు గట్టి, కరగని దారంతో బిగించే పద్ధతి కూడా ఉంది. గుచ్చుకోవడం తగ్గుతుందని విన్నాను.

పలాస వాసి: చూశారా! దారి ఉండి కూడా మాకు చెప్పలేదు. నాగావళి గారూ, మీరు ఆసుపత్రుల వకాల్తా పుచ్చుకున్నట్టు మాట్లాడుతున్నారు.

నాగావళి తీరం: ఆ మాట అన్యాయం. తీగ గుచ్చుకోవడం తరచుగా జరిగేదే, కాదనను. స్క్రూలు వేసినా కొందరికి తరువాత తీయవలసి వస్తుంది. ఎముక పూర్తిగా అతికిందని ఎక్స్‌రేలో తేలాక తీగ తీయించండి, తొందరపడితే మళ్ళీ విడిపోగలదు.

పలాస వాసి: తీయించడమంటే మళ్ళీ మత్తు, మళ్ళీ కోత, మళ్ళీ కూలి పోవడం. రెండో ఆపరేషన్ అవసరం పడవచ్చని మొదటి రోజున ఒక్కరైనా అన్నారా? నేల మీద కూర్చుని చేసే పని అని తెలిసినా, అమ్మ పని ఏమవుతుందని ఎవరూ అడగలేదు. నా కోపం దానికి.

నాగావళి తీరం: అయితే మీ తగువు తీగతో కాదు. ఆ సంగతి సంతకం పెట్టించుకునే ముందే చెప్పి తీరాలి. పద్ధతి ఎంపిక మాత్రం సర్జన్‌దే. ముక్కలు ఎన్నో, ఎలా ఉన్నాయో ఒక్కొక్కప్పుడు తెరిచాక గాని తేలదు.

పలాస వాసి: నిర్ణయం వారిదే కావచ్చు, కాలు మా అమ్మది. సంతకం పెట్టిన కాగితం నకలు నా దగ్గరే ఉంది. రెండో ఆపరేషన్ ఊసు అందులో ఎక్కడా లేదు.