పెద్దవారి పడకగదిలో రాత్రి వెలుతురు ఉండాలా, చీకటి ఉండాలా?

ప్రశ్న:
మా నాన్నగారికి 78 ఏళ్లు. రాత్రి రెండు మూడు సార్లు మూత్రానికి లేస్తారు. లైటు ఉంటే ఆయనకు నిద్ర పట్టదు, లేకపోతే ఎక్కడ తూలి పడతారోనని నాకు నిద్ర పట్టదు. ఏది మేలు?

మొదటి సమాధానం:
చీకటే మేలండీ. రాత్రిపూట కంట్లో పడే వెలుతురు, నిద్రవేళను శరీరానికి తెలిపే మెలటోనిన్ అనే హార్మోన్‌ను తగ్గిస్తుంది, నిద్ర చెడితే మర్నాడు పగలు కూడా అడుగు తడబడుతుంది. నిద్ర, మెలకువల వేళలను నడిపే శరీర గడియారంపై ప్రభావాన్ని లెక్కగట్టే కొలమానంలో, పడుకున్న వారి కంటి దగ్గర వెలుతురు 1 లక్స్ (వెలుతురును కొలిచే ప్రమాణం) మించరాదని 2022లో నిపుణులు సూచించారు. లేచినప్పుడు స్విచ్ వేసుకుంటే సరిపోతుంది.

రెండో సమాధానం:
స్విచ్ వేసుకుంటే సరిపోతుందన్న మాటను నేను ఒప్పుకోలేను, ఎందుకంటే పడిపోయేది మంచానికీ స్విచ్‌కీ మధ్యనే. రాత్రి లేచి తిరగక తప్పని వారికి 10 లక్స్ వరకు ఉండవచ్చని ఆ సూచనల్లోనే ఉంది. శరీరం తూలకుండా నిలబడడానికి కళ్లు, లోపలి చెవి, పాదాల స్పర్శ మూడూ కావాలి. వయసుతో చివరి రెండూ మందగించి భారమంతా కళ్లపై పడే వేళకే కంటిపాప చిన్నదై, కటకం పసుపెక్కి, 60 ఏళ్ల వ్యక్తి రెటీనాకు (కంటి వెనుక, వెలుతురును గ్రహించే పొరకు) 20 ఏళ్ల వారికి అందే వెలుతురులో దాదాపు మూడో వంతే చేరుతుంది.

మా అమ్మ విషయంలో నేను పొరబడ్డాను. ట్యూబ్‌లైటు వేసుకుని బాగానే వెళ్లేది. తిరిగి వచ్చి లైటు ఆర్పాక, బీరువా తలుపు మీద చెయ్యి ఆనించి, మంచం అంచు కోసం కాలితో తడుముకుంటూ నిలబడిపోవడం ఒక రాత్రి చూశాను. పెద్ద లైటు చూసిన కళ్లు మళ్లీ చీకటికి అలవాటు పడడానికి అరగంట దాకా పడుతుంది, పెద్దవారికి ఇంకా ఎక్కువ. ఇప్పుడు మంచం కింద నేలవైపు తిరిగిన, కదలికకు వెలిగే సన్నని పసుపు దీపం పెట్టాము. తలుపు చట్రం చుట్టూ అలాంటి దీపాల గీతలు అమర్చి వెలుతురు ప్రభావాలపై పరిశోధించే మరియానా ఫిగెయిరో బృందం పరీక్షించింది. నిలువు, అడ్డం గీతలు కంటికి ఆనవాలుగా దొరికినప్పుడు, కుర్చీలోంచి లేచే వృద్ధులు మామూలు బెడ్‌లైటులో కంటే నిలకడగా నిలబడ్డారు.

మొదటి సమాధానకర్త:
శరీర గడియారాన్ని ఎక్కువగా కదిలించేది 480 నానోమీటర్ల దగ్గరి నీలి వెలుతురు కనుక, పసుపు దీపానికి నాకూ అభ్యంతరం లేదు. కానీ మంచం మీద పక్కకు తిరిగినా వెలిగితే నిద్ర చెడుతుంది కదా!

రెండో సమాధానకర్త:
నిజమేనండీ, మాకూ మొదటి వారం అలాగే జరిగింది. సెన్సర్‌ను మంచం అంచుకు లోపలగా, పాదం నేలకు ఆనినప్పుడే గుర్తించేలా కిందికి జరిపాక ఆ ఇబ్బంది పోయింది.